మూడో నంబరు శాపం

దయ్యానికి మొహం అక్కర్లేదు, జుట్టుంటే చాలన్నారు. అలా దొరికింది వైదేహికి ఆ పని. మొహం చూపించే దయ్యం వేరే ఉంది. ఆవిడ లాస్ ఏంజిలిస్ నుంచి వచ్చిన పేరున్న నటి, ఆవిడకి వేరే వ్యాను, వ్యానులో వేరే హీటరు. వీపు, చేతులు, నేల మీద పాకే పాదాలు మాత్రం వైదేహివి. రోజూ పొద్దున ఇచ్చే కాగితంలో ఆవిడ పాత్ర పేరు 'బేస్‌మెంట్ ఉమన్' అని ఉండేది. దాని కింద చిన్న అక్షరాల్లో 'బేస్‌మెంట్ ఉమన్, వెనకవైపు' అని ఉండేది. అది వైదేహి.

కెనడాలోని హామిల్టన్‌లో ఒక పాత ఎర్రిటుకల ఇంటిని అద్దెకు తీసుకుని పెన్సిల్వేనియా చేసేశారు. వాకిట్లో అమెరికా జెండా పాతారు, వీధిలో కార్లకు నంబరు ప్లేట్లు మార్చారు, ఎదురింటి కిటికీలోని మేపుల్ ఆకు బొమ్మను అట్టముక్కతో కప్పారు. సినిమాయేమో పద్దెనిమిదేళ్ళ కిందట తెలుగులో వచ్చిన దయ్యం సినిమా. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో తీసిన చిన్న సినిమా, జనం జడుసుకుంటూనే రెండోసారి వెళ్ళి చూశారట. అందులో చచ్చిపోయిన ఆడమనిషికి ఒక పేరుంది, ఒక ఊరుంది, జరిగిన అన్యాయం ఒకటుంది. అమెరికావాళ్ళు హక్కులు కొన్నాక పేరు పోయింది, ఊరు పోయింది, అన్యాయం అసలే పోయింది. జుట్టు మిగిలింది.

అయినా వైదేహి ఆ పని వదులుకునే స్థితిలో లేదు. అది రెండువేల ఇరవైమూడు అక్టోబరు. ఒక్క కాఫీ షాపు ఉద్యోగానికి తనలా చదువుకోవడానికొచ్చిన పిల్లలు బయోడేటా కాగితాలు పట్టుకుని వీధి మలుపు దాకా వరసలో నిలబడే రోజులు. అలాంటప్పుడు గుడి వాట్సాప్ గ్రూపులో 'నడుము దాటిన జుట్టున్న అమ్మాయిలు వెంటనే ఫోన్ చేయగలరు' అని విశ్వేశ్వరరావుగారు మెసేజ్ పెట్టారు. ఆయన నలభై ఏళ్ళ కిందట తెనాలి నుంచి వచ్చి, ఇక్కడ వంతెనలు డిజైన్ చేసి రిటైరైన ఇంజినీరు. సెట్లో ఆయన మెడలో 'కల్చరల్ కన్సల్టెంట్' అన్న కార్డు వేలాడేది. భోజనం చేసేటప్పుడు కూడా దాన్ని తీసేవారు కాదు, పప్పు పడకుండా భుజం మీదికి వేసుకునేవారు.

ఆ రోజు తీస్తున్నది మెట్ల సీను. ఎనిమిదేళ్ళ అమెరికన్ పాప బంతి కోసం బేస్‌మెంట్‌లోకి దిగుతుంది. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పక్కన గోడవైపు తిరిగి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని దయ్యం కూర్చుని ఉంటుంది. వైదేహి పాదాలకు బూడిదరంగు పూశారు, గోళ్ళు పగిలినట్టు జిగురు పెట్టారు. పది నిమిషాలకోసారి ఒకమ్మాయి వచ్చి జుట్టు మీద చన్నీళ్ళు కొట్టి పోతుంది. ఆ నీళ్ళు వెన్ను మీదుగా కిందికి కారుతుంటే కదలకూడదు, వణకకూడదు. దయ్యానికి చలి వేయదు కదా మరి.

పాప మొహంలో భయం చాలడం లేదంది డైరెక్టరు. నలభై దాటిన అమెరికన్ ఆవిడ, మెత్తగా మాట్లాడుతుంది. "ఒరిజినల్ శాపం స్పీకర్లో వేద్దాం. గ్లెన్, కర్స్ త్రీ," అంది. గ్లెన్ సౌండ్ మనిషి. ఈ ఊరివాడే, తెల్లగడ్డం, రోజంతా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన బండి దగ్గర ఒక మూల కూర్చుని ఉంటాడు. అతను మీట నొక్కాడు.

మొదట ఒక ఊపిరి వినపడింది. శోకం ఎత్తుకునే ముందు ఆడవాళ్ళు గాలి లోపలికి లాక్కునే చప్పుడు. తరవాత గొంతు లేచింది.

"ఓ శ్రీరాములయ్యో..."

వైదేహి నాన్న పేరు శ్రీరాములు. అయితే ఏం, జిల్లాకి వెయ్యిమంది శ్రీరాములున్నారనుకుంది. పైగా ఆ గొంతు అమ్మది కావడానికి వీల్లేదు. అమ్మ నోట ఆ పేరు ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు. రేషన్ కార్డు దగ్గర అడిగినా, బడిలో అడిగినా, "నువ్వు చెప్పవే" అని కూతుర్ని ముందుకు తోసేది కాంతం. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని బతికున్నప్పుడు పలకలేదు, పోయాక అలవాటు లేక పలకలేదు. ఇది ఇంకెవరి అమ్మో అయి ఉంటుంది.

"...ఈల ఊదకుండా మందు కాల్చిరయ్యో, పొద్దున తిన్న చద్దన్నం అరగకముందే పోతివయ్యో... తాగి పడ్డావని రాసుకుంటిరయ్యో, కల్లు వాసనకే కళ్ళు తిరిగేవాడివి నా సామీ... జనార్ధనరావు గుండె రాయి కంటే రాయయ్యో... మన వైదేహి ఎవర్ని నాయనా అని పిలిచిద్దయ్యో..."

'పిలిచిద్ది' దగ్గర గొంతు విరిగింది. వైదేహికి జ్వరం వచ్చినప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు అమ్మ గొంతు సరిగ్గా అలాగే విరిగేది.

పాప జడుసుకుంది. బ్రహ్మాండం అన్నారందరూ. ఇంకో కోణంలో ఇంకోసారి, దగ్గర నుంచి ఇంకోసారి. మొత్తం ఆరుసార్లు తీశారు. ఆరుసార్లూ క్వారీలో మొగుడు పోయిన కాంతం గుండెలు బాదుకుని ఏడ్చింది, ఆరుసార్లూ ఆమె కూతురు గోడవైపు తిరిగి కదలకుండా కూర్చుంది. ఆ సీను అయ్యాక అసిస్టెంట్ డైరెక్టరు వచ్చి, ఇంత కదలకుండా కూర్చున్న మనిషిని తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నాడు. వైదేహికి అతని చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. లేచి నిలబడదామంటే కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి.

పక్కనున్న చర్చి హాల్లో భోజనాలు. విశ్వేశ్వరరావుగారు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుతున్నారు. వైదేహి ఎదురుగా కూర్చుంది, కాళ్ళ బూడిదరంగు కూడా కడుక్కోలేదు.

"అంకుల్, ఆ కర్స్ త్రీ ఎక్కడిది?"

"హైదరాబాద్ నుంచమ్మా. ఒరిజినల్ ప్రొడ్యూసరు పాత హార్డ్ డిస్కులన్నీ పంపాడు. ఫైళ్ళకి పేర్లు కూడా లేవు, నేనే కూర్చుని విని లేబుల్ చేశా. కర్స్ వన్, టూ, త్రీ."

"విన్నారా? పూర్తిగా?"

"వినకుండా ఎలా చేస్తాను?"

"అది శాపమా అంకుల్?"

ఆయన చెంచా పక్కన పెట్టి చుట్టూ చూశారు. "ఎవరో పల్లెటూరి ఆవిడ శోకాలు పెడుతోంది. మన ఇళ్ళల్లో అలాంటివి లేవు కానీ, చిన్నప్పుడు వినేవాళ్ళం. వీళ్ళు ఏన్షియంట్ కర్స్ కావాలన్నారు. ఏడుపని చెబితే పక్కన పడేసేవాళ్ళు. అందుకని 'నీ వంశం ఎండిపోవాలి, నీ ఇల్లు నీ నెత్తురే తాగాలి' అని ఒక నాలుగు లైన్లు ట్రాన్స్‌లేట్ చేసిచ్చా. డైరెక్టర్‌కి తెగ నచ్చింది. ఆ ఏడ్చినావిడకి పోయిందేముంది చెప్పు?"

"ఆవిడ మా అమ్మ."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. తరవాత నిదానంగా డబ్బా మూత పెట్టారు. "పోలిక ఉంటుందమ్మా. పల్లెటూళ్ళలో ఏడుపులన్నీ ఒకేలా ఉంటాయి."

"అందులో నా పేరుంది."

"వైదేహి అన్న పేరు నీ ఒక్కదానికే ఉందా?"

"మా నాన్న చీమకుర్తి దగ్గర క్వారీలో పోయాడు అంకుల్. హెచ్చరిక ఈల ఊదకుండా మందు పెట్టి బ్లాస్టింగ్ చేశారు. ఓనరు జనార్ధనరావు. ఇన్ని పోలికలుంటాయా?"

ఆయన గొంతు తగ్గించి ఎంతో ప్రేమగా మాట్లాడారు. వైదేహికి ఒళ్ళు మండింది ఆ ప్రేమకే. "చూడమ్మా, స్టడీ పర్మిట్ మీద ఉన్నావు. వీళ్ళు లాయర్లను వెంటేసుకుని తిరిగే మనుషులు. నీ వెనక ఇంకో ఇరవైమంది పిల్లలకి పని చూడాలి నేను. నా మాటకి ఇక్కడ ఒక విలువ ఏర్పడింది. జరిగిపోయినదాన్ని తవ్వుకుంటే ఎవరికి లాభం?"

వంతెనలు కట్టిన మనిషి. కింద ఏముందో తవ్వి చూడకుండా ఒక్క స్తంభమైనా నిలబెట్టాడా అనుకుంది వైదేహి.

సాయంత్రం ఇంటికొచ్చింది. ఇల్లంటే అదీ బేస్‌మెంటే. ఇద్దరమ్మాయిలు, ఒక కిటికీ, ఆ కిటికీలోంచి పైన నడిచేవాళ్ళ బూట్లు. రూమ్మేట్ ధాత్రిది వరంగల్. సంగతంతా విని ఫోన్లో ఆ పాత సినిమా వెతికి పట్టింది.

"గీ సినిమానా? చిన్నప్పుడు దుప్పట్ల మొఖం పెట్టుకొని చూసిన," అంది.

ఇద్దరూ ఒక చెవికి ఒకటి చొప్పున ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దయ్యం ఏడ్చే బావి సీను చూశారు. ఏడుపుంది. కానీ దాన్ని సాగదీసి, మీద డప్పులు, కుక్కల అరుపులు, ఉరుములు గుమ్మరించారు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా ఒక్క మాట తెలియలేదు.

"ఏడుస్తున్నదో నవ్వుతున్నదో కూడ సమజైతలేదు," అంది ధాత్రి. "మీ అమ్మకు ఎరికేనా?"

"తెలిస్తే చచ్చిపోతుంది."

"మరి రేపు పొయ్యి తీసెయ్యమను. గా అంకుల్‌తోని కాదు, డైరెక్టర్‌కే చెప్పు. మనిషి సచ్చిన ఏడ్పు పెట్టి పోరగాండ్లను బెదిరిస్తరా? సిగ్గుండాలె."

సిగ్గుండాలి. వైదేహి రాత్రంతా ఆ మాటను పళ్ళ కింద నూరుతూ పడుకుంది. రేపు ఈ సినిమా ప్రపంచమంతా ఆడుతుంది. పాప్‌కార్న్ నములుతూ జనం అమ్మ ఏడుపు విని కెవ్వుమంటారు, ఆ తరవాత నవ్వుకుంటారు. అది ఆగాలి. పని పోయినా సరే ఆగాలి.

మర్నాడు ఇంకా జుట్టు తడపకముందే ఆమె నేరుగా మానిటర్ దగ్గరికి వెళ్ళింది. వెనకవైపు దయ్యాలు అలా డైరెక్టర్ దగ్గరికి వెళ్ళకూడదు, మధ్యలో ముగ్గురిని అడగాలి. అడగలేదు. తనకొచ్చిన ఇంగ్లీషులో, తొణక్కుండా చెప్పింది. అది శాపం కాదు, మా నాన్న శవం ముందు మా అమ్మ ఏడ్చిన ఏడుపు, ఎవరినీ అడక్కుండా రికార్డు చేశారు, దాన్ని తీసేయండి అంది.

డైరెక్టరు కప్పు కింద పెట్టి చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. చెప్పినందుకు థాంక్స్ అంది, ధైర్యానికి మెచ్చుకుంది, ప్రొడ్యూసర్లతో ఈ రోజే మాట్లాడతానంది. అనుమానంతో వెళ్ళిన వైదేహికి ఆ మంచితనం చూసి ఏం చేయాలో తోచలేదు. ఆ రోజు స్పీకర్ మోగలేదు.

విశ్వేశ్వరరావుగారు మాత్రం హాలు గుమ్మంలో ఆపారు. కార్డు తాడు వేలికి చుట్టుకుని విప్పుతున్నారు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనమ్మా. పని ఇప్పించినవాడి మొహం మీద..."

"నేను తిన్నది ఈ ఇంట్లో కాదు అంకుల్," అంది వైదేహి. "ఆ ఏడ్చినావిడ వండిన ఇంట్లో."

మూడోరోజు పొద్దున ఏడింటికి, బస్టాపులో నిలబడి అమ్మకు ఫోన్ చేసింది. అక్కడ సాయంత్రం నాలుగున్నర. కాంతం బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతుంది. అప్పుడే గిన్నెలు తోమి మెట్ల మీద కూర్చుని ఉంది. చెప్పకుండా ఉండాలనుకుంది వైదేహి, కానీ గెలిచిన సంగతి కడుపులో దాగలేదు. ఆ ఏడుపు తను వినడం, డైరెక్టర్‌తో చెప్పడం, తీయించేయడం, అంతా చెప్పేసింది.

అవతల కాంతం గిన్నెలు ఒక్కొక్కటే బోర్లిస్తున్న చప్పుడు వినపడింది.

"పొడుగాటి కర్ర," అంది కాంతం చివరికి. "దాని కొసన పిల్లి తోక మాదిరి బొచ్చు తొడుగు. ఇద్దరు మగోళ్ళొచ్చి నెత్తి మీద పట్టుకున్నారు."

"తెలుసా నీకు? అరవలేదా? కొట్టి తరమలేదా?"

"ఎందుకు తరుముతానే? టీవీవాళ్ళనుకున్నా. అప్పుడప్పుడే గదా వార్తల టీవీలొచ్చింది. క్వారీ సంగతి బయటపెట్టటానికి వచ్చారనుకున్నా. అందుకే పేరు పెట్టి ఏడ్చా. మీ నాయన్ని బతికుండగా ఒక్కరోజన్నా పేరు పెట్టి పిలిచానా? పోయింది ఎవరో టీవీలో తెలియాలి గదా అని ఆ రోజు పిలిచా. ఆ క్వారీవాడి పేరూ ఎత్తా. మొగుడు పోయిన రోజు ఎవతైనా పరాయోడి పేరు ఎత్తిద్దా? అందరూ నా నోరు మూశారు, అయినా ఎత్తా."

బస్సు వచ్చింది. వైదేహి ఎక్కలేదు.

"ఆరు నెల్లు ఎదురింటోళ్ళ టీవీ ముందు కూర్చున్నా తల్లీ, వార్తల టయానికి. ఒళ్ళో నువ్వు. ఇయ్యాల వచ్చిద్ది, రేపొచ్చిద్ది అని. తర్వాత వాళ్ళే తలుపేసుకోటం మొదలుపెట్టారు." కాంతం గొంతు మామూలుగానే ఉంది, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఒక్కో మాటా తీసి పెడుతోంది. "అయితే మాటలు తెలుస్తన్నయ్యా అందులో? ఈల మాట తెలుస్తందా?"

"తెలుస్తోంది."

"వాడి పేరు?"

"అదీ తెలుస్తోంది. కానీ అమ్మా, దయ్యం ఏడుపుగా వాడుతున్నారు నిన్ను."

"దయ్యమైతే ఏమైంది? మనిషిగా ఏడిస్తే విన్నది ఎవరు?" అంది కాంతం. ఆ తరవాత అడిగింది. "మరెందుకే తీయించావు?"

రెండో బస్సులో వైదేహికి కూర్చోవడానికి చోటు దొరికింది, కూర్చోలేదు. దిగి సెట్ దాకా పరిగెత్తింది. మా అమ్మ వద్దనలేదు, ఉండనివ్వండి, మాటలు వినపడేలా ఉంచండి, కింద అర్థం వేయండి. ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకుంటూ పరిగెత్తింది.

అసిస్టెంట్ డైరెక్టరు నవ్వుతూ ఎదురొచ్చాడు. అంతా అయిపోయిందన్నాడు. ఆ ఫైలును అన్నిచోట్లా చెరిపేశారట, హైదరాబాద్ డిస్కులో కూడా. లాస్ ఏంజిలిస్‌లో నిన్ననే కొత్త కేక ఒకటి రికార్డు చేయించారట. డైరెక్టరు ఒక కార్డు ఇచ్చింది. మీ కుటుంబం బాధను మేం గౌరవిస్తున్నాం అని దాని మీద చేత్తో రాసి ఉంది.

"తిరిగి పెట్టండి," అంది వైదేహి. "మా అమ్మ ఉంచమంది."

డైరెక్టరు బాధగా తల ఊపింది. ఇక వీలుకాదంది. లాయర్లు నిన్న మిస్టర్ రావును అసలు అర్థం రాసిమ్మన్నారట. బతికున్న మనిషి మీద నింద ఉంది కాబట్టి వెంటనే తీసేయమన్నారట.

విశ్వేశ్వరరావుగారు పక్కనే ఉన్నారు. పొల్లు పోకుండా రాసిచ్చారన్నమాట. ఈల, చద్దన్నం, జనార్ధనరావు, అన్నీ. ఆ ఏడుపుకు ఇన్నాళ్ళకి ఒక మనిషి సరిగ్గా అర్థం చెప్పాడు, అదీ దాన్ని పాతేయడానికి.

"నువ్వు అడిగిందే కదమ్మా జరిగింది," అన్నారాయన.

ఆ మాట నిజమే. అదే ఎక్కువ మండింది. మొదటిసారి ఆ ఏడుపును మింగింది సినిమావాళ్ళు. రెండోసారి మింగింది తను, కడుపున పుట్టిన కూతురు, న్యాయం చేస్తున్నాననుకుంటూ.

జుట్టు తడిపారు. పాదాలకు రంగు వేశారు. ఫర్నేస్ పక్కన గోడవైపు తిరిగి కూర్చోబెట్టారు. మొన్న తీసిన మెట్ల సీనే, కెమెరా ఈసారి దయ్యం వెనక నుంచి. నోరు కనపడదు, కేక తరవాత కలుపుతారు, నువ్వు ఊరికే భుజాలు కదిపితే చాలన్నారు. గ్లెన్ పొడుగాటి మైకు కర్రను ఆమె నెత్తి మీదికి చాపాడు. దాని కొసన బూడిదరంగు బొచ్చు తొడుగుంది. పిల్లి తోకలాగే ఉంది.

వైదేహి తలెత్తి దాన్ని చూసింది. తల దించమన్నారు, దించింది.

చావు లేని ఇంట్లో శోకం పెట్టకూడదంటారు. కానీ చావుంది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరూ వినని చావు. పాప మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. వైదేహి గాలి లోపలికి లాక్కుంది.

"ఓ శ్రీరాములయ్యో..."

ఆమెకు శోకం రాదు, ఎన్నడూ పెట్టలేదు. మొదటి మాట గొంతులో గీసుకుపోయింది. రెండోదానికి దారి దొరికింది. ఈల ఊదకుండా మందు కాల్చిరయ్యో. అరిగీ అరగని చద్దన్నం, కల్లు వాసన, ఆరుసార్లు విన్న మాటలన్నీ వరసలో వచ్చాయి. జనార్ధనరావు పేరు దగ్గర ఆమె గొంతు తగ్గించలేదు. నేనెవర్ని నాయనా అని పిలవాలయ్యో అనే చోట అమ్మ మాట తన మాటైపోయింది. బూడిదరంగు పూసిన చేతులతో నేలను చరిచింది. వెనక ఎవరైనా కట్ అంటారని ఎదురుచూసింది, ఎవరూ అనలేదు.

పాప కెవ్వుమనలేదు. పరిగెత్తలేదు. మెట్టు మీద చతికిలబడి, బంతి ఒళ్ళో పెట్టుకుని, అలా వింటూ కూర్చుంది. చివరికి, "ఆమెకేమైంది?" అని అడిగింది, కెమెరా తిరుగుతుండగానే.

డైరెక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. విశ్వేశ్వరరావుగారు మెట్ల పక్కన గోడనానుకుని, కార్డు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. చిన్నప్పుడు తెనాలిలో ఎవరింటి ముందో విన్నది గుర్తొచ్చిందో ఏమో, తల ఎత్తలేదు.

గ్లెన్ కర్ర దించి, హెడ్‌ఫోన్లు మెడలోకి లాక్కున్నాడు. తీసిన ప్రతిదానికీ ఒక పేరు రాసుకోవడం అతని పని. బండి మీది కాగితం తీసి, పెన్సిల్ పట్టుకుని, అలవాటు చొప్పున విశ్వేశ్వరరావుగారి వైపు చూశాడు. ఆయన తల ఇంకా దించుకునే ఉన్నారు. గ్లెన్ వైదేహి వైపు తిరిగాడు. "దీనికేమని రాయను?"

ఆమె నేల మీద నుంచే, జుట్టు వెనక్కి తోసుకుని, నాన్న పేరు ఒక్కో అక్షరం చెప్పింది. అతను ఒక్కో అక్షరం రాసుకున్నాడు, తిరిగి చదివి వినిపించాడు.

"అంతేనా?"

"కాదు," అంది వైదేహి. "ఇంకో పేరుంది, ఆ క్వారీవాడిది, రాసుకోండి."